నాలుగు లక్షల సౌండు

బాలకృష్ణ సారు ఇంట్లున్న నాలుగు లక్షల రూపాయల స్పీకర్లు కొట్టేయాలని గుర్వయ్య పొద్దున చాయ్ తాగుకుంటనే ఖాయం చేసుకున్నడు.

గుర్వయ్యది జడ్చర్లల డీజే సౌండు. పేరుకే సౌండు. దసరా ముంగట ఎవడో లుచ్చాగాడు షెడ్డు తాళం పలగ్గొట్టి, బాక్సుల లోపలి రెండు పెద్ద స్పీకర్లు విప్పుకపోయిండు. ఉన్న గొర్లమంద అమ్మి కొన్న స్పీకర్లవి. ఇప్పుడు మిగిలినయి ఉత్త డబ్బాలు. గురువారం ఒక పెండ్లి బరాత్ ఒప్పుకున్నడు. అది తప్పితే ఇగ ఈ లగ్గాల కాలమంత గుర్వయ్యను పిలిచేటోడు ఉండడు.

ప్లాట్లు అమ్మే బాలకృష్ణ సారు నిజానికి మంచోడే. దొంగతనం అయిన నాడు షెడ్డు కాడికొచ్చి మరీ ఓదార్చిండు. "ఠాణా సుట్టు తిరిగితే చెప్పులరుగుతయి గని సామాను రాదు. ఇడిసిపెట్టు గుర్వయ్యా" అన్నడు.

గంత మంచోనింట్ల చెయ్యి పెట్టుడంటే మనసు జర గుంజింది. కానీ ఆ మనిషి నోరు ఊకోదు. కొత్త బాక్సులు తెప్పించిన కాడికెల్లి పిలిచి పిలిచి ఇనిపిస్తడు.

"నీయి డబ్బాలు. ఇది జర్మనీ మాలు. ఫరక్ తెలుస్తాందా?"

తెలిసింది. డప్పు దెబ్బ కడుపుల గుద్దింది. ఎంత మండినా గుర్వయ్య ఒప్పుకోక తప్పలే, నాలుగు లక్షలు పెట్టుడు న్యాయమే. "నా స్పీకర్లు ఏడేండ్లు మోగినయి సారూ, ఒక్కనాడు గిట్ల పలకలే" అన్నడు.

ఆదివారం సారు ఇల్లంత ఆలంపూర్ జోగులాంబ దర్శనానికి బయలెల్లింది. పోంగ పోంగ సారు తాళంచెవి గుర్వయ్య చేతులనే పెట్టిండు.

"కొత్త వైర్లు గోడలకెల్లి గుంజు. బాక్సులు మాత్రం ముట్టకు, వారంటీ పోతది."

వారంటీకి ఒక దండం పెట్టి గుర్వయ్య స్క్రూలు విప్పిండు. లోపలి స్పీకర్లకు ఎనక అయస్కాంతం నిండ నల్ల టేపు సుట్టి ఉన్నది. జర్మనోళ్ల పైలం సూసి మురిసిండు. వాటి జాగల అంగట్ల ఎనిమిది వందలకు దొరికే సస్తా స్పీకర్లు బిగించి, అసలువి సంచిల ఏసుకొని ఆటో ఎక్కిండు.

సోమవారం తాళంచెవి ఇయ్యబోతే సారు పాట పెట్టి కండ్లు మూసుకున్నడు. గుర్వయ్య తలుపు దిక్కు ఒక అడుగేసిండు.

"వైరు మారంగనే ఇంకింత తేటగ పలుకుతాంది. గందుకే గంత పిరం" అన్నడు సారు.

"మీ చెవులు గనుక తెలుస్తాంది సారూ" అని గుర్వయ్య బయటవడ్డడు. ఎనిమిది వందల మాలుకు నాలుగు లక్షల చెవులు. ఇంటిదాక నవ్వుకుంటనే పోయిండు.

ఇంట్ల తల్లి జానమ్మ ఎర్ర పెయింటు డబ్బతోని తయారుగ కూసున్నది. గొర్లు కాసిన ఇల్లది. మందలు కలిసిపోయినా మన జీవం మనకు తెలవాలని వీపు మీద మూడు వేళ్లతోని మూడు గీతలు గీసేది. గొర్లు పోయినా అలవాటు పోలే. ఇంటికి ఏ సామానొచ్చినా గీయాల్సిందే. ఒక వేలు కొడవలికి సగం తెగింది గనుక మూడో గీత ఎప్పుడూ పొట్టిదే.

"ఆ టేపు పీకు కొడుకా. గుర్తు పెట్టకుంటే బరాత్ల ఎవడన్న మార్చేస్తడు."

"జర్మనీ మాలు ఇంకెవనికున్నదే, మార్చనీకి" అనుకుంట గుర్వయ్య టేపు పీకితే, అయస్కాంతం మీద రెండు పొడుగుయి, ఒకటి పొట్టిది, మూడు ఎర్ర గీతలు అప్పటికే ఉన్నయి.