ఇంకా తేల్చుకోని ఊరు

మూడో రోజు పొద్దునకి రోడ్డు గెడ్డ వాగు దాటి కొండెక్కడం మొదలుపెట్టింది. మనిషన్నవాడు లేకుండానే తారు యంత్రం పైకి పాకుతుంటే, దాని వెనకాల ఆవిర్లు కక్కుతూ నల్లటి రోడ్డు పుడుతోంది. ఊరంతా నోరు తెరుచుకుని చూస్తోంది.

ఎన్నికల ముందు సర్కారు సొమ్ము ఎటు పోవాలో ఇప్పుడు యంత్రాలే చూసుకుంటున్నాయి. అవి జనం మాటలు వింటాయి. ఓటు ఖాయమైన ఊరిని, ఏ పార్టీకి ఖాయమైనా సరే, వదిలేస్తాయి. తేల్చుకోని ఊరికే రోడ్డు వేస్తాయి. అందుకే ఈ ఊళ్లో మొగుడూ పెళ్లాలు కూడా ఓటు ఊసెత్తరు.

"ఓలమ్మో, ఎంత బాగుందో! నా ఓటు ఈ సర్కారుకే!" అనేసింది సన్యాసమ్మ, ఆనందం పట్టలేక.

"మాదీ, మాదీ!" అన్నారు చుట్టూ ఉన్నవాళ్లు.

యంత్రం ఆగింది. మెల్లగా పక్క కొండవైపు తిరిగింది.

"ఏటన్నావత్తా!" అంది కోడలు గౌరమ్మ, రెండు చేతులతో నిండు కడుపు పట్టుకుని. కిందటి కాన్పుకి రోడ్డు లేక డోలీలో ఆస్పత్రికి మోసుకెళ్తుంటే దారిలోనే బిడ్డ పోయింది.

సన్యాసమ్మ పరుగున యంత్రానికి ఎదురెళ్లి చేతులు జోడించింది.

"తొందరపడ్డాను బాబూ. నిన్నొచ్చిన అవతలి పార్టీవోళ్లూ మంచోళ్లే. ఎవులికెయ్యాలో తేలట్లేదు."

"మాకూ తేలట్లేదు!" అని ఊరంతా అరిచింది.

యంత్రం కాసేపు కదల్లేదు. తర్వాత బరువుగా ఊరివైపు తిరిగింది. గౌరమ్మ పాదాల ముందు రోడ్డు మళ్లీ పుట్టసాగింది.

"ఇంతకీ ఎవులికేస్తావత్తా?" అని చెవిలో అడిగింది గౌరమ్మ.

"నువ్వు కనీదాకా నాకేటీ తేలదే, అమ్మీ," అంది సన్యాసమ్మ.