మ్యాచ్ అంటే ఏమిటి?

"ఇక్కడ తెలుగు మాట్లాడితే బయటికే!"

స్పోకెన్ ఇంగ్లీషు మాస్టారు అరిచిన అరుపుకి క్లాసంతా గొల్లున నవ్వింది.

గుమ్మంలో నిలబడ్డ మనిషి బిక్కచచ్చిపోయాడు. మాసిన చొక్కా, నిద్రలేని కళ్ళు, మోచేతి మడతలో దూది అంటించిన పట్టీ. "మాస్టారూ, మీతో ఒక్క మాట" అన్నాడు పాపం, అంతే.

కొత్తగా చేరడానికి వచ్చాడనుకుని మాస్టారు వెనక బెంచీ చూపించాడు.

"సిట్!"

అతను బెంచీ అంచున ఒదిగి కూర్చున్నాడు.

మాస్టారికి మనసు మనసులో లేదు. తల్లి లేని కూతురు ఐసీయూలో ఉంది. లోపలికి ఎవర్నీ రానివ్వరు. వరండాలో కూర్చుంటే పిచ్చెక్కుతోందని క్లాసుకి వచ్చేశాడు. ఫోను మోగినప్పుడల్లా గుండె జారిపోతోందని దాన్ని ఆపేసి సొరుగులో పడేశాడు.

బోర్డు మీద పెద్ద అక్షరాలతో ఒక మాట రాశాడు.

"మ్యాచ్! మీనింగ్స్ చెప్పండి." తెలుగు కూడదన్న రూలు మాస్టారికి వర్తించదు.

"క్రికెట్ మ్యాచ్ సార్!"

"మ్యాచ్‌బాక్స్ సార్!"

"శారీకి బ్లౌజ్ మ్యాచ్!" అంది టైలరమ్మ.

"మ్యారేజ్... గుడ్ మ్యాచ్," అంది ఈమధ్యే పెళ్ళి కుదిరిన అమ్మాయి, తలొంచుకుని.

"వెరీ గుడ్. సమ ఉజ్జీ కూడా మ్యాచే. హీ ఈజ్ నో మ్యాచ్ ఫర్ మీ. అంటే, వాడు నా కాలిగోటికి కూడా సరిపోడని."

ఇంకో అర్థం నోటిదాకా వచ్చింది. నెల రోజులుగా ఆస్పత్రిలో విని విని విసిగిపోయిన అర్థం. మాస్టారు దాన్ని మింగేసి సుద్దముక్క కింద పెట్టాడు.

"లాస్ట్ బెంచ్! మేక్ ఎ సెంటెన్స్!"

కొత్త మనిషి లేచి నిలబడ్డాడు.

"ఐ... మ్యాచ్."

క్లాసు పగలబడి నవ్వింది.

"నువ్వు మ్యాచా? ఏ మ్యాచయ్యా బాబూ? వన్డేనా, టెస్టా?" అన్నాడు మాస్టారు.

"ఆరిపోయిన అగ్గిపుల్ల సార్!" అన్నాడు బ్యాంకు గుమాస్తా. అది తెలుగే అయినా మాస్టారు ఏమీ అనలేదు.

అతను ఎవరి వైపూ చూడలేదు. మాస్టారినే చూస్తున్నాడు.

"సార్, నేను చదువుకోడానికి..."

"నో తెలుగు!"

అతను ఒక్కో మాటా వెతుక్కున్నాడు.

"ఐ మ్యాచ్. ఐ గివ్. యూ వాంట్?"

"పెళ్ళిచూపులకి గానీ వచ్చావా ఏం?"

పెళ్ళికూతురు మొహం చేతుల్లో దాచుకుంది. మాస్టారు కళ్ళ వెంట నీళ్ళు వచ్చేలా నవ్వాడు. ఎన్నాళ్ళకో వచ్చిన నవ్వు, ఆపుదామన్నా ఆగలేదు.

"యూ వాంట్?" అతను మళ్ళీ అడిగాడు.

"నో! ఐ డోంట్ వాంట్! నాకొద్దు నాయనా, నిన్ను భరించే ఓపిక నాకు లేదు. గెట్ అవుట్!"

"నిజంగా వద్దా?"

"ఒకసారి చెప్తే బుర్రకెక్కదా? వద్దన్నాను కదా!"

అతను రెండు చేతులూ జోడించి బయటికి నడిచాడు. మెట్ల మీద అడుగుల చప్పుడు మధ్యలో కాసేపు ఆగింది. తర్వాత మెల్లగా కిందికి దిగిపోయింది.

రెండో బ్యాచ్ కూడా ముగించి మాస్టారు ఫోను ఆన్ చేశాడు. తెర నిండా ఆస్పత్రి నంబరే.

పరుగెత్తాడు.

డాక్టరమ్మ వరండాలోనే ఎదురైంది.

"ఇప్పుడా రావడం? థియేటర్ సిద్ధం చేసుకుని మీ కోసం కూర్చున్నాం."

"థియేటరా? లివర్ ఇచ్చేవాళ్ళు దొరికారా డాక్టర్?"

ఆమె అతని మొహంలోకి వింతగా చూసింది.

"దొరికారు. అన్ని పరీక్షలూ సరిపోయాయని ఈ మధ్యాహ్నం తేలింది. తండ్రి సంతకం లేకుండా పిల్లకి కత్తి పెట్టలేం. మీ ఫోను కలవలేదు. నేనే వెళ్ళి తీసుకొస్తానని ఆయన బయల్దేరాడు. తిరిగొచ్చి, మీరు వద్దన్నారని చెప్పాడు."

"నేనా! నా బిడ్డకి నేనెందుకు వద్దంటాను?"

"నేనూ అదే అడిగాను. మ్యాచ్ అయ్యానని చెప్పాడట, ఇస్తానన్నాడట. అందరిముందూ నవ్వి పొమ్మన్నారట. అయినా మిమ్మల్ని ఒక్క మాట అనలేదు. మీ కోపం న్యాయమే అన్నాడు."

మాస్టారు వరండా అంతా కళ్ళతో వెతికాడు.

"ఎక్కడున్నాడు? పిలవండి డాక్టర్, కాళ్ళు పట్టుకుంటాను!"

"ఇప్పుడు పిలిచి లాభం లేదు. ఇందాకే పాప మెదడు వాచింది. ఇక ఆపరేషన్ తట్టుకోదు. లోపలికి వెళ్ళి కాసేపు పక్కన కూర్చోండి."

మాస్టారు తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు.

"ఎవరమ్మా అతను? ముక్కూ మొహం తెలియని మనిషి, నా కూతురికి ఎందుకివ్వాలనుకున్నాడు?"

డాక్టరమ్మ అతని కోసం తలుపు తెరిచి పట్టుకుంది.

"మీ పెళ్ళి ఇష్టంలేక అప్పట్లో తెంచుకుపోయాడట. మీ ఆవిడ పోయిన రోజు కడసారి చూపుకి వస్తే, మొహమైనా చూడకుండా గేటు మూయించారటగా," అంది, "పాపకి స్వయానా మేనమామ."