జవాబొచ్చిందా?

ఛత్రినాక గల్లీలకు మంచినీళ్లు వదిలే సర్కారు ఉద్యోగం చేస్తూనే కృపాకర్ తండ్రి చనిపోయాడు. ఆ ఉద్యోగం కొడుక్కిచ్చారు. మూడో నెలలో గుమాస్తా సర్వీసు పుస్తకం తెరిచి, కృపాకర్ రిటైరయ్యే ఏడాది చూపించాడు. 2060. ఆ రోజు నుంచి వాల్వు తిప్పినప్పుడల్లా ఇనుప రాడ్డు మీద కృపాకర్‌కు తన చేతులు కాదు, తండ్రి చేతులే కనిపిస్తున్నాయి.

ఆదివారం చర్చి నుంచి రాగానే తల్లి బేబీ ముందు ఒక కాగితం పెట్టాడు.

“ముప్పై ఐదేండ్లు నాతోని కాదమ్మా. రాజీనామా రాసిన.”

లొల్లి చేస్తుందనుకున్నాడు. బేబీ ఆ కాగితాన్ని ముట్టుకోలేదు.

“మీ బాపు గూడ రాసిండు,” అంది. “పోయే ముందటి ఏడు. దమ్ము ఆడ్తలేదు బేబీ, ముందుగాల్నే రిటైరైత అని రాసి, పోస్టు చెయ్యమని నాకిచ్చిండు.”

“ఆఫీసోళ్లు ఒప్పుకోలేదా?”

“వాళ్లకు అందితే గదా బిడ్డా. నేను పోస్టు చెయ్యలే. నౌకరిల ఉండంగ పోతే కొడుక్కిస్తరని ఎవరో చెప్పిండ్రు.”

“మరి బాపుకేం చెప్పినవ్?” అన్నాడు కృపాకర్.

“డ్యూటీ నుంచి రాంగనే జవాబొచ్చిందా అని అడిగెటోడు. ఇంక రాలే అంటుంటి. గట్ల పదకొండు నెలలు.” ఆమె గుమ్మం వైపు చూసింది. “ఇప్పటికీ దినాం అడుగుతడు.”

బైబిలు మధ్యలోంచి ఆ కవరు తీసి కొడుకు చేతిలో పెట్టింది.

సోమవారం పొద్దున కృపాకర్ తండ్రి ఉత్తరాన్ని పోస్టు డబ్బాలో వేశాడు. తను రాసింది చింపేసి, నీళ్లు వదలడానికి పోయాడు.