తొంభై డిగ్రీలు

"గేటు దగ్గరే నిలబడ్డాడమ్మా. పదికి ఇంకా ఎనిమిది నిమిషాలుంది," కిటికీ తెర పక్కకు జరిపి చూస్తూ అంది కూతురు. "రోజూ ఇదే వరస. ముందే వస్తాడు, పదయ్యేదాకా బెల్లు నొక్కడు. గడియారం మింగి పుట్టినట్టున్నాడు."

తల్లి దుప్పటి అంచును గుప్పిట్లో బిగించింది. మోకాలి మార్పిడి ఆపరేషన్ అయి పద్దెనిమిది రోజులైంది. కుట్లు తీసేశారు, వాపు దిగింది. దిగనిది ఒక్కటే, పది గంటలంటే భయం.

"వేరే ఫిజియోని పంపమని ఆసుపత్రికి ఫోన్ చెయ్యవే."

"మళ్ళీ మొదలుపెట్టావా? పాపం, ఆయన నిన్నేం చేశాడు?"

ఏం చేశాడని చెబుతుంది? చేసింది తనే.

మొదటిరోజే ఆమె అతన్ని పోల్చుకుంది. ఎడమ కనుబొమను రెండు ముక్కలు చేసిన ఆ మచ్చ అలాగే ఉంది. ఏడో తరగతిలో వాణ్ణి అందరూ ఉడుత అనేవారు. లెక్కల టీచరుగా ముప్పై ఏళ్ళు చేసి ఎందరినో మరిచిపోయింది కానీ, ఉడుతను మరవలేకపోయింది. ఇంటి లెక్కలు చేయలేదని ఒకరోజు గోడకుర్చీ వేయించింది. వీపు గోడకు ఆనించి, కింద కుర్చీ లేకుండా కూర్చున్నట్టు ఉండాలి. "సరిగ్గా తొంభై డిగ్రీలు. ఇంకా వంచు," అంటూ బోర్డు మీద వాడే చెక్క కోణమాని తెచ్చి వాడి మోకాలికి పెట్టి కొలిచింది కూడా. తరగతంతా పగలబడి నవ్వింది. పీరియడ్ అయ్యేసరికి వాడు లేవలేక తన బల్ల దాకా పాక్కుంటూ వెళ్ళాడు. ఆ ఏడాది కాగానే బడి మారిపోయాడు.

ఇప్పుడు ఆమె మోకాలు వాడి చేతుల్లో ఉంది.

బెల్లు మోగింది.

"రండి, కూర్చోండి," కూతురు కుర్చీ లాగింది.

అతను మంచం వైపు ఒకసారి చూశాడు. "పర్లేదక్కా," అని నిలబడే ఉన్నాడు. టీ పెట్టి ఇస్తే ముట్టలేదు. ఈ గడపలో పచ్చి మంచినీళ్ళు కూడా తాగనని ఒట్టు పెట్టుకున్నవాడిలా. ఎదురింటి పెద్దాయనకూ అతనే వ్యాయామం చేయిస్తాడు. అక్కడ "బాబాయ్, నెలాఖరుకి నిన్ను పరిగెత్తించకపోతే అడుగు" అంటూ నవ్వడం ఇక్కడికి వినిపిస్తుంది. ఈమెను మాత్రం ఏ వరసా పెట్టి పిలవడు.

"కాలు వంచండి."

వంచింది.

"ఇంకా."

ఆ గొంతు సన్నగా వణికింది. కోపం దిగమింగుకున్నవాళ్ళ గొంతు అలాగే వణుకుతుందని ఆమెకు తెలుసు. పాదం పట్టుకున్న చేతులు మంచుముక్కల్లా ఉన్నాయి. తడిబట్ట పిండినట్టు మోకాలి లోపల నొప్పి మెలితిరిగింది. అతను కోణాలు కొలిచే ప్లాస్టిక్ బద్దతో కొలిచి పుస్తకంలో రాసుకున్నాడు, రాసింది కనిపించకుండా అరచెయ్యి అడ్డుపెట్టి.

"ఎంతొచ్చింది?" కూతురు అడిగింది.

"డెబ్భై ఎనిమిదక్కా. శనివారానికి తొంభై రాకపోతే పెద్ద డాక్టరుగారు మళ్ళీ మత్తిచ్చి బలవంతంగా వంచుతారు. దానికీ లొంగకపోతే కాలు ఇలాగే బిగుసుకుపోతుంది."

"విన్నావా అమ్మా? రేపు స్నానాల గదికి కూడా నా మెడకు వేలాడుతూనే రావాలి. సరే, మీరు వెళ్ళిరండి."

ఆ మాట అనడం ఆలస్యం, సంచి భుజాన వేసుకుని వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు.

శుక్రవారం కూతురు ఆఫీసుకు వెళ్ళక తప్పలేదు.

"తాళంచెవి ఒకటి ఆయనకిచ్చాను. ఒక్క గంటేగా, నిన్నేం మింగెయ్యడులే."

సరిగ్గా పదింటికి తాళంలో చెవి తిరిగింది. తలుపు తెరుచుకుని, మళ్ళీ మూసుకుంది. అడుగుల చప్పుడు హాలు దాటి, గది ముందు ఆగింది. ఇంట్లో పిలిస్తే పలికేవాళ్ళు లేరు. వద్దు, వెళ్ళిపో అందామనుకుంది. కానీ రేపే శనివారం. బిగుసుకుపోయిన కాలుతో కూతురి మెడకు వేలాడే బతుకు కళ్ళముందు కదిలింది.

"వంచండి."

ఎనభై. ఎనభై మూడు.

"ఇంకా."

"నొప్పిరా!"

ఆ 'రా' ఆమె నోరు జారింది. అతని చేతులు టక్కున ఆగిపోయాయి. మొహంలో నెత్తుటి చుక్క లేదు. తను గుర్తుపట్టినట్టు అతనికి తెలిసిపోయింది. ఇక దాచడానికి ఏముంది? ఆమె కళ్ళు గట్టిగా మూసుకుంది.

"ఆగకు. నీకెంత తోస్తే అంత వంచు. నాకిలా జరగాల్సిందే."

అతను పాదాన్ని రెండు చేతులతో పట్టుకుని మెల్లగా, ఆపకుండా నెట్టాడు. లోపల ఏదో టప్పుమంది. ఆమె కేక గదంతా మారుమోగింది. ఎముక విరిచేశాడనే అనుకుంది.

కళ్ళు తెరిచేసరికి మోకాలు ఎదురుగా నిటారుగా లేచి ఉంది. మడమ పరుపు మీద ఆనింది. అతను బద్ద పెట్టి కొలిచాడు. నమ్మనట్టు మళ్ళీ కొలిచాడు.

"తొంభై రెండు."

ఆమె ఊపిరి తీసుకుంది. అయిపోయింది. బద్దనూ పుస్తకాన్నీ సంచిలో సర్దుకుని అతను గుమ్మం దాకా వెళ్ళాడు.

వెళ్ళి, అక్కడే ఆగిపోయాడు.

ఇటు తిరిగి నిలబడ్డాడు. ఒక నిమిషం గడిచింది. రెండు. గడియారంలో పదకొండు దాటింది. అతను కదలడు, మాట్లాడడు. ఏదో అడగబోయినట్టు పెదవులు విడతాయి, మళ్ళీ బిగుసుకుంటాయి. ఆ రోజుకు లెక్క ఇప్పుడు అడుగుతాడు, కాలు నయం చేసి మరీ అడుగుతాడు అనుకుంది ఆమె.

"ఏం... ఏం కావాలి నీకు?"

అతను తల వంచి, చేతులు కట్టుకున్నాడు.

"నేను వెళ్ళొచ్చా, టీచర్?"