వాచ్‌మన్ భార్య చెప్పిన సాక్ష్యం

ఆమె భయమల్లా ఒక్కటే. బోనెక్కాక నోరు పెగలకపోతే? చెప్పాల్సిన మాట గొంతులోనే ఉండిపోతే, రేపు పిల్ల పెద్దదై “నాన్న కోసం నువ్వేం చేశావమ్మా?” అని నిలదీస్తే?

కోర్టు వరండాలో ఎవరి కేసుకో వచ్చినవాళ్ళు గట్టిగా పోట్లాడుకుంటున్నారు. ఒళ్ళో నిద్రపోతున్న పిల్ల చెవికి ఒక చెయ్యి అడ్డం పెట్టింది. రెండో చేతిలో ఫోను. ఇయర్‌ఫోను ఒక చెవిలోనే ఉంది. రెండోది చెడిపోయి చాలా కాలమైంది.

“పొద్దున్నుంచీ అదే పని. పక్కన పడెయ్యవే, కళ్ళు పోతాయి,” అంది అత్త.

“ఆయన్నే చూస్తున్నానత్తా.”

అత్త మొహం తిప్పేసుకుంది. మరిది గొంతు తగ్గించి, “చూసుకోనీ అమ్మా. ఆ వీడియోలే ఇప్పుడు వదినకి దిక్కు,” అన్నాడు.

ఎన్నికలైన మర్నాడు ఫోన్లన్నీ ఒకటే మోత మోగాయి. గోడౌన్లో దాచిన ఓట్ల పెట్టెలు మార్చేస్తున్నారట, వెనక గేటు నుంచి లారీలు వెళ్ళిపోతున్నాయట. చూసిందెవరంటే ఎవరూ చూడలేదు. అందరికీ ఎవరో పంపారు. సాయంత్రానికి రోడ్ల నిండా జనం. చీకటి పడకముందే మంటలు. ఆ గోడౌనుకి ఆమె మొగుడు వాచ్‌మన్. తాళాలు తన దగ్గరున్నాయి కదా అని కదల్లేదు, లోపలే ఉండిపోయాడు.

ఆసుపత్రిలో దుప్పటి తీసి చూపిస్తే మొహమన్నది లేదు. ఆమె అక్కడే కూలబడిపోయింది. మరిది పాదాలు చూసి గుర్తుపట్టాడు. పిల్ల నెత్తురు తీసి పరీక్ష చేశారు, అతనేనని తేల్చారు.

పెట్రోలు సీసా విసిరింది వాళ్ళ వీధి చివరి టైలరు. పిల్లకి మొట్టమొదటి గౌను కుట్టింది కూడా అతనే. విసురుతుండగా వీడియో తీయించుకుని, దేశాన్ని కాపాడానని నలుగురికీ పంపుకున్నాడు. పోలీసులకి వెతికే పని కూడా లేకుండా పోయింది.

సర్కారు లాయరు చేతిలో ఫైళ్ళతో గబగబా వచ్చాడు.

“చూడమ్మా, సీసా విసరలేదని టైలరు తరఫు లాయర్లు ఎలాగూ అనలేరు. అందుకని అసలు మనిషే చావలేదంటున్నారు. ఆసుపత్రిలో నెత్తురు సీసాలు తారుమారయ్యాయట. పరీక్ష కాగితం ఉంది గానీ, కట్టుకున్న ఆడమనిషి నోటితో చెబితే ఆ బలమే వేరు. నీ మాట మీదే కేసంతా నిలబడి ఉంది.”

“నేను ఏడో క్లాసుతో మానేశానండీ. పెద్దవాళ్ళ ముందు తడబడతానేమో.”

“ఉన్నది చెప్పడానికి చదువెందుకమ్మా?”

“చెప్పాక అందరూ మీద పడితే?”

“పడటానికిది వీధి కాదు, కోర్టు. ఎవరు గుడ్లురిమినా నువ్వు భయపడకు. నీకు తెలిసిన నిజం చెప్పు. అంతే.”

“అంతేనా?” అని మళ్ళీ అడిగింది. ఆయన అంతేనని తలూపి లోపలికి వెళ్ళిపోయాడు.

ఇంతలో స్తంభం చాటు నుంచి టైలరు భార్య వచ్చింది. మనిషి సగమైపోయింది. అత్త ఒక్క ఉదుటున లేచింది.

“ఏమే, ఇంకా వెతుకుతున్నావా మావాణ్ణి? ఇదిగో నా సంచీలో ఉన్నాడు, చూసుకో! అడుగున ఉంటాడు, బాగా చెయ్యి పెట్టి చూడు!”

టైలరు భార్య అత్త వైపు చూడలేకపోయింది. ఈమె కాళ్ళ దగ్గర కూర్చుండిపోయింది.

“అక్కా, మీ ఆయన డబ్బు తీసుకుని దాక్కున్నాడని అందరూ వీడియోలు పంపుతుంటే నమ్మేశాను. మీ గుమ్మంలో నిలబడి, ఎక్కడ దాచావే మొగుణ్ణని నానా మాటలూ అన్నాను. ఇప్పుడు మా ఆయనే జైల్లో తల గోడకేసి కొట్టుకుంటున్నాడు. అవన్నీ అబద్ధాలే, చేతులారా మనిషిని చంపుకున్నానంటున్నాడు. నన్ను క్షమించక్కా.”

“నీ మీద నాకు కోపం లేదు.”

“లేదా?”

“లేదు. నువ్వొచ్చి అరిచాకే నేను మంచం మీంచి లేచింది.”

టైలరు భార్య వెక్కుతూనే, “లోపల ఏం చెబుతావక్కా?” అంది.

“నిజం చెబుతాను.”

టైలరు భార్య మోకాళ్ళలో తల పెట్టుకుని బావురుమంది. “అదీ మాట!” అంది అత్త. మరిది వదిన వైపు చూసి, ఇంక ఫరవాలేదన్నట్టు ఊపిరి వదిలాడు.

పిలుపు వచ్చింది. పిల్లని అత్త చేతికిచ్చి ఆమె లోపలికి నడిచింది. ప్రమాణం చేయించారు. ఎదురుగా టైలరు తల దించుకుని నిలబడి ఉన్నాడు. చొక్కా వదులైపోయి భుజం మీంచి జారుతోంది. ఒకరి కొలతలు తీసేవాడికి తన బట్టే సరిపోకుండా పోయింది.

“అమ్మా,” అన్నాడు సర్కారు లాయరు, “ఆసుపత్రిలో మీకు చూపించిన శవం మీ భర్తదేనా?”

ఆమె బోను కర్రని రెండు చేతులా పట్టుకుంది. భయపడినంతా అయింది, మాట రావడం లేదు. జడ్జిగారు కళ్ళజోడు పైనుంచి చూసి, “తొందరేం లేదమ్మా, నిదానంగా చెప్పు,” అన్నారు. టైలరు తలెత్తి ఆమెని చూశాడు. ఏ శిక్షైనా సరే, పడనీ అన్నట్టుంది ఆ చూపు.

వరండాలో పిల్ల లేచినట్టుంది, ఏడుపు వినబడింది. దాంతో ఆమెకి ఎక్కడలేని ధైర్యం వచ్చింది. నిటారుగా నిలబడి, గది చివరి దాకా వినబడేలా చెప్పింది.

“కాదండీ, దాక్కున్న చోట ఆయన తిన్నారో లేదో ఎవరైనా ఒకసారి వెళ్ళి చూడండి.”