డబ్బాలాయన

ఆమె ఆరిన బట్టలు మడతపెడుతోంది.

ఎదురుగా తొమ్మిదేళ్ళ కొడుకు టీవీ ముందు మఠం వేసుక్కూర్చుని తుపాకీ ఆట ఆడుతున్నాడు. మాటలన్నీ మన భాషలోకి మార్చిన ఆట అది. అందుకే తూటా తగిలిన ప్రతివాడూ "అమ్మా!" అని అరిచి పడతాడు.

"అమ్మా!"

"నలభై ఒకటి," అన్నాడు పిల్లాడు.

కొత్తలో ఆ అరుపు వింటే ఆమె నిజమేననుకునేది. చేతిలో పని వదిలి పరిగెత్తుకొచ్చేది. ఇప్పుడు గోడగడియారం చప్పుడెంతో అదీ అంతే.

ఎవరో తలుపు తట్టారు.

కింది వాటాలో కొత్తగా దిగినాయన. మెడకు మఫ్లరు. గొంతుకు ఆపరేషన్ అయిందట, మాట గుసగుసగా తప్ప రాదు. వచ్చిన రోజు ఏం పని చేసేవారని అడిగితే "డబ్బాలు" అన్నట్టు వినబడింది. రేకు డబ్బాల వ్యాపారం కాబోలనుకుంది. అప్పటినుంచీ ఆ ఇంటిల్లిపాదికీ ఆయన డబ్బాలాయనే.

"సౌండు... కొంచెం తగ్గించమనమ్మా."

వారంలో ఇది మూడోసారి.

"పిల్లలున్న ఇల్లండీ. గోల లేకుండా ఎలా ఉంటుంది?"

"గోల కాదమ్మా... ఆ అరుపు."

"చోద్యం కాకపోతే! ఇన్నేళ్ళూ రేకు డబ్బాల మోతలో బతికిన మనిషికి ఇదో లెక్కా? మీ మాట మాకెలాగూ వినబడదు. మా ఆట కూడా మీకు వినబడకూడదంటే ఎలాగండీ?"

పిల్లాడు పకపకా నవ్వాడు. చప్పుడు రాకుండా పెదాలు కదిపి ఆయన్ని అనుకరించాడు.

ఆమె వాణ్ణి ఏమీ అనలేదు.

ఆయన మఫ్లరు సర్దుకున్నాడు. తలుపు దగ్గరగా వేసి మెట్లు దిగిపోయాడు.

"అమ్మా!"

"నలభై రెండు."

ఆమె మేజోళ్ళకు జతలు వెతుకుతోంది.

"అమ్మా!"

ఈసారి పిల్లాడు అంకె చెప్పలేదు. ఆమె అది గమనించలేదు. నల్ల మేజోడు ఒకటి జత దొరక్క మిగిలింది.

"అమ్మా..."

ఒడిలోని మామగారి తువ్వాలు దులిపి మడతపెట్టింది.

అంతలో మెట్ల మీద దబదబా అడుగులు. తలుపు తోసుకుని డబ్బాలాయన లోపలికొచ్చాడు. కాళ్ళకు చెప్పులైనా విప్పలేదు.

"ఏమండీ! అలా దూసుకొచ్చేస్తారేంటి?"

ఆయన ఆగలేదు. కింది వాటాలో లాగే వంటింటి పక్కనున్న స్నానాలగది తలుపు నెట్టాడు.

ఆమె మామగారు నేల మీద పడి ఉన్నారు. నుదురు చిట్లింది. చుట్టూ నీళ్ళు ఎర్రగా ఉన్నాయి.

డబ్బాలాయన మెడలోని మఫ్లరు లాగి గాయానికి అదిమిపట్టాడు. డాక్టరుకు ఫోన్ చెయ్యమని ఆమెకు సైగ చేశాడు. మఫ్లరు కింద ఇన్నాళ్ళూ దాగిన కోత మచ్చ, మెడకు అడ్డంగా, ఆమెకు అప్పుడే కనబడింది.

పక్క వీధి డాక్టరు వచ్చి ఐదు కుట్లు వేశాడు.

"రక్తం చాలా పోయింది. ఇంకో పది నిమిషాలు అలాగే పడి ఉంటే నా చేతుల్లో ఉండేది కాదు," అన్నాడు వెళుతూ.

మామగారు మంచం మీద కళ్ళు తెరిచారు. కోడల్ని చూసి అడిగారు.

"రెండుసార్లు పిలిచానమ్మా. ఇంట్లో లేవా?"

ఆమె గిరుక్కున కొడుకు వైపు తిరిగింది.

"ఇక్కడే ఉండి నీకు వినబడలేదుట్రా?"

"వినబడిందమ్మా."

"మరి?"

"ఇంకెవణ్ణో కాల్చాననుకున్నా. అంకె పెరగలేదేంటా అని చూస్తున్నా."

చెయ్యెత్తింది కొట్టడానికి.

"నీక్కూడా వినబడింది కదమ్మా?" అన్నాడు వాడు, అమాయకంగా.

ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది.

దాన్ని దించి డబ్బాలాయన వైపు చూసింది. ఆయన రక్తం అంటిన చేతులు కడుక్కుని, తడి మఫ్లరు పిండుతున్నాడు.

"పక్కనే ఉండి మేం ఆటలోదే అనుకున్నాం. కింద ఉన్న మీకెలా తెలిసిందండీ?"

ఆయన నోరు తెరిచాడు. పరుగున ఎక్కి వచ్చిన శ్రమకి ఆ కాస్త గుసగుసా పోయినట్టుంది. గాలి తప్ప ఏమీ రాలేదు.

టీవీ పక్కన ఆట తాలూకు అట్టపెట్టె ఉంది. దాని వెనక పెన్సిలుతో ఏదో రాశాడు. పిల్లాడి చేతిలో పెట్టాడు. వాడి తల నిమిరి, తడి మఫ్లరు మెడకు చుట్టుకుని, ఇంట్లోంచి వెళ్ళిపోయాడు.

"ఏం రాశారు? చదువు," అందామె.

వాడు కూడబలుక్కుని పైకి చదివాడు.

"నాది డబ్బాల పని కాదమ్మా, డబ్బింగ్... ఆ ఆటలో చచ్చేవాళ్ళందరి గొంతూ నాదే, ఇందాక అరిచింది మాత్రం నేను కాదు."