చప్పుడు లేని నిమ్మకాయ

కాస్త దగ్గరికి జరిగి కూర్చోండి. ఇది గట్టిగా చెప్పే కథ కాదు. బోయిగూడ బాక్సర్ పర్వతాలును ఒక్క దెబ్బతో ఆపేసిన మనిషి ఎవరో చెబుతాను. పర్వతాలు వింటే ఇప్పటికీ ఉడుక్కుంటాడు.

పేరు పర్వతాలే గానీ మనిషి సన్నగా, తాటిపట్టెలా ఉండేవాడు. ఆ సన్నటి చేతులే రైల్వేలో ఉద్యోగం ఇప్పించాయి. పతకాలు తగిలించడానికి గోడకు మేకులు చాలక, భార్య భవాని కొన్నిటిని బియ్యం డబ్బాలో దాచింది. అన్నం వండే ముందు వాటిని పక్కకు జరిపి బియ్యం తీసుకునేది.

ఆ ఇంట్లో ఒక అలవాటు ఉండేది. పొద్దున్నే పరుగు ముగించుకుని పర్వతాలు గడపలో అడుగు పెట్టగానే, వంటింట్లోంచి భవాని నిమ్మకాయ విసిరేది. చెప్పి విసిరేది కాదు. సూటిగా ముఖం మీదికే. దాన్ని పర్వతాలు ఎడమ చేత్తో పట్టాలి. పట్టిన ఆ కాయనే గోరువెచ్చని నీళ్లలో పిండి ఇచ్చేది.

భవానిది అల్వాల్. చిన్నప్పుడు రాళ్లు విసిరి చింతకాయలు రాల్చిన చెయ్యి. పెళ్లయిన కొత్తలో కాయ అరచేతిలో పడితే టప్పుమని మోగేది. ఆ చప్పుడుకే పక్కింటి ప్రిసిల్లా లేచి, పాలు పొయ్యి మీద పెట్టుకునేది.

ఏళ్లు గడిచాయి. పర్వతాలు ఒక్క కాయ కూడా వదలలేదు. పైగా ఫోన్లో మాట్లాడుతూనే, కొమ్మ మీది కాయ కోసినంత సుతారంగా పట్టేవాడు.

"చూసినవా, చప్పుడు సుత వస్తలేదు. చెయ్యి అంత సాఫ్ అయింది," అని మురిసిపోయేవాడు.

భవాని కాయ అందుకుని పిండేది. ప్రిసిల్లా మాత్రం ఫోన్లో అలారం పెట్టుకోవడం మొదలుపెట్టింది.

రింగులో సంగతి వేరు. ఈ మధ్య దెబ్బలు ఎక్కువే తింటున్నాడు. ఒకసారి లైట్లు కళ్లలో పడ్డాయన్నాడు. ఇంకోసారి బూట్లు జారాయన్నాడు. చిన్నప్పటి నుంచి నేర్పిన ఉస్తాద్ నాగూర్ బాషా గడ్డం గోక్కుని ఊరుకున్నాడు. కంటి డాక్టరు ఊరుకోలేదు. ఎడమ కంటికి ఇంకో గట్టి దెబ్బ తగిలితే చూపు పోతుందని తేల్చి చెప్పాడు.

ఆదివారం తిరుమలగిరి కుర్రాడు ఆషర్‌తో పోటీ. అతని చెయ్యి లేచిందని తెలిసేలోపే ఎదుటివాడు కింద ఉంటాడని పేరు. ఉస్తాద్ ఇంటికి వచ్చి, ఇక చాలించమని బతిమాలాడు. పర్వతాలు నవ్వాడు.

"రోజు నిమ్మకాయ పడ్తున్న గద ఉస్తాద్. చూపు తగ్గినోడు పడ్తడా? భవాని కాయ నాకు తగిలిన పొద్దు, గ్లవ్స్ తీసి ఆమె చేతిల పెడ్త. జబాన్ ఇస్తున్న."

ఉస్తాద్ భవాని వైపు చూశాడు. ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతోంది. తలెత్తలేదు.

మర్నాడు పొద్దున ఉస్తాద్ చాయ్ తాగుతూ అక్కడే కూర్చున్నాడు. పర్వతాలు చెమటలు కక్కుతూ గడప దాటాడు. నిమ్మకాయ వచ్చింది.

టప్.

చేతిలో కాదు, నుదుటి మీద. ఎడమ చెయ్యి ఆ తరువాత లేచింది, ఎగిరిపోయిన ఈగను తోలినట్టు.

కాయ దొర్లుకుంటూ పోయి ఉస్తాద్ కాళ్ల దగ్గర ఆగింది.

"గంత జోరుగ ఎందుకు ఇసిరినవే?" అన్నాడు పర్వతాలు, నుదురు రుద్దుకుంటూ.

"ఆషర్ నీకు మెల్లగ ఇసురుతడా బేటా?" అన్నాడు ఉస్తాద్.

భవాని కాయ తీసి, కడిగి, నీళ్లలో పిండి గ్లాసు అందించింది. పర్వతాలు చుక్క మిగల్చకుండా తాగాడు. లోపలికి వెళ్లి గ్లవ్స్ తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

బోయిగూడ ఊరుకుంటుందా? అసలు ఛాంపియన్ భవానే అన్నారు. కూరగాయల బండి దగ్గర ఆమె నిమ్మకాయ ముట్టుకుంటే చాలు, బండివాడు తలకు చెయ్యి అడ్డం పెట్టుకునేవాడు. పెళ్లాం మోసం చేసిందని, ఆ పొద్దు కావాలనే బలమంతా పెట్టి విసిరిందని పర్వతాలు ఇప్పటికీ కనబడినవాళ్లందరికీ చెబుతాడు. చెబుతూనే పిల్లలకు బాక్సింగ్ నేర్పుతాడు. రెండు కళ్లూ భద్రంగా ఉన్నాయి. భవానికి సూదిలో దారం ఎక్కించి ఇచ్చేది అతనే.

మీరూ గుర్తు పెట్టుకుని నలుగురికీ చెప్పండి, పర్వతాలు చెవిన మాత్రం వేయకండి: ఆ పొద్దు భవాని జోరుగా విసరలేదు, పెళ్లయిన కొత్తలో ఎలా విసిరేదో అలాగే విసిరింది, మెల్లగా విసిరింది అంతకు ముందు నాలుగేళ్లు.